అద్దె ఆలస్యమైనట్లు చూపిస్తోందా? నోటీసుకు ముందు లెడ్జరు తెరవండి: సమస్య - పరిష్కారం

అపార్ట్‌మెంట్ల నిర్వహణలో ఉన్నవారికి ప్రాథమిక విషయాలు మళ్లీ చెప్పనక్కరలేదు. ఒప్పందం ప్రకారం అద్దె గడువు తేదీ ఏదో, ఆ తరువాత ఎన్ని రోజుల సడలింపు ఉందో, ఆలస్య రుసుము ఎంతో, నోటీసు ఏ రూపంలో ఇవ్వాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఈ వ్యాసం ఆ తరువాతి దశకు సంబంధించినది. సడలింపు రోజులు ముగిసిన మరునాటి ఉదయం బకాయిల జాబితా తెరిచారు, అందులో కొన్ని ఫ్లాట్ల నంబర్లు ఎర్రగా కనిపిస్తున్నాయి. వాటిలో ఏది నిజమైన ఆలస్యమో, ఏది కేవలం కాగితం మీది ఆలస్యమో తేల్చవలసినది మీరే.

ఇక్కడే చాలామంది ఒక మెట్టు దాటవేస్తారు. జాబితాలో చివరి గడిలో ఉన్న అంకెను చూస్తారు, నోటీసు ముద్రిస్తారు, సంతకం పెడతారు. ఆ అంకె ఎలా వచ్చిందో చూడరు. ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తూ, కొత్తగా చేరిన ప్రతివారికీ ఇదే మాట చెప్పి చెప్పి నాకు విసుగు వచ్చింది. నోటీసు పంపే ముందు మూడు చోట్ల చూడాలి. అద్దెదారు ఇంట్లో చేరిన రోజు నుంచి ఉన్న పూర్తి లెడ్జరు, అంటే పడిన ప్రతి బాకీనీ వచ్చిన ప్రతి చెల్లింపునూ వరుసగా రాసిన ఖాతా పుస్తకం, మొదటిది. ఎవరివో తెలియని జమలు పడి ఉండే సస్పెన్స్ ఖాతా రెండవది. గత పది రోజుల బ్యాంకు స్టేట్‌మెంటు మూడవది. మూడింటికీ కలిపి పది నిమిషాలు పట్టదు. తప్పుగా పంపిన ఒక్క నోటీసును వెనక్కి తీసుకోవడానికి మాత్రం రెండు వారాలు పడుతుంది, అప్పటికీ ఆ అద్దెదారు మనసులో అది మిగిలే ఉంటుంది.

సమస్య: "డబ్బు పంపాను" అంటున్నారు, మీ ఖాతాలో కనిపించడం లేదు

ఇందులో రెండు కారణాలే తరచుగా ఎదురవుతాయి. మొదటిది తారీఖుల తేడా. అద్దెదారు పంపిన తారీఖు ఒకటి, మీ బ్యాంకులో జమ అయిన తారీఖు మరొకటి, మీ గుమాస్తా లెడ్జరులో ఎక్కించిన తారీఖు ఇంకొకటి. సెలవు రోజున గానీ, బ్యాంకు రోజువారీ లెక్క ముగిసే వేళ దాటిన తరువాత గానీ పంపిన డబ్బు మరుసటి పని దినానికి వెళ్లవచ్చు. వీటిలో ఏ తారీఖును చెల్లింపు తారీఖుగా తీసుకోవాలో ఒప్పందంలో రాసి ఉంటే దానినే పాటించండి. రాసి లేకపోతే, మీరు లెడ్జరులో ఎక్కించిన తారీఖును మాత్రం ఎన్నడూ తీసుకోకండి, ఎందుకంటే ఆ ఆలస్యం మీది, ఆయనది కాదు.

రెండవది గుర్తింపు లేని జమ. అద్దెదారు తరఫున అన్నగారో, ఉద్యోగమిచ్చిన సంస్థో డబ్బు పంపుతారు. పంపినవారి పేరు మీ అద్దెదారుల జాబితాలో ఉండదు, వివరాల గడిలో ఫ్లాటు నంబరు ఉండదు. దానిని ఎవరి పేరున వేయాలో తెలియక గుమాస్తా సస్పెన్స్ ఖాతాలో పెడతాడు, పెట్టిన తరువాత మరచిపోతాడు. అద్దెదారును రశీదు అడిగే ముందు, సరిగ్గా అంతే మొత్తం సస్పెన్స్ ఖాతాలో పడి ఉందేమో చూడండి. ఉంటే దానిని అసలు జమ అయిన తారీఖుతోనే ఆయన ఖాతాకు మార్చండి, ఈ రోజు తారీఖుతో కాదు. ఈ రోజు తారీఖు వేస్తే అద్దె లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ నిస్సంకోచంగా ఆలస్య రుసుము వేస్తుంది. ఆ తరువాత, పంపేవారి పేరును ఆ ఫ్లాటుకు జోడించి ఉంచండి. ప్రతి నెలా సస్పెన్స్ ఖాతా సున్నాకు రాకుండా బకాయిల జాబితా తీయకూడదని మా దగ్గర నియమం పెట్టుకున్నాము. ఆ ఒక్క నియమంతో వాదనలు చాలా తగ్గాయి.

సమస్య: ప్రతి నెలా అదే నాలుగైదు రోజుల ఆలస్యం

ఒకే మనిషి, ప్రతి నెలా దాదాపు ఒకే తారీఖున, పూర్తి మొత్తం కడుతూ ఆలస్యమవుతుంటే అది నిర్లక్ష్యం కాదు, జీతం తారీఖు. అద్దె గడువు 1వ తారీఖు, జీతం 6వ తారీఖున వస్తుంది. మీరు ఎన్ని నోటీసులు పంపినా జీతం ముందుకు రాదు.

దీనికి పరిష్కారం గడువు తేదీని మార్చడమే. మార్చేటప్పుడు మధ్యలో మిగిలే రోజుల అద్దెను ఒకసారి విడిగా తీసుకోవాలి. ఉదాహరణకు నెల అద్దె 1,000 అనుకుందాము. గడువును 1వ తారీఖు నుంచి 10వ తారీఖుకు మారిస్తే, 1 నుంచి 9 వరకు ఉన్న తొమ్మిది రోజులకు, నెలను 30 రోజులుగా లెక్కించి, 300 ఒకసారి చెల్లించాలి. అక్కడి నుంచి ప్రతి నెలా 10వ తారీఖున యథావిధిగా 1,000 కట్టవచ్చు. ఆ 300 ఒకేసారి కష్టమంటే రెండు మూడు నెలలకు విభజించండి. యజమాని తన అప్పు వాయిదాను అద్దె మీద ఆధారపడి కడుతుంటే ముందుగా ఆయనను అడగండి, కానీ చాలామంది యజమానులు అనిశ్చితమైన 1వ తారీఖు కంటే ఖాయమైన 10వ తారీఖునే కోరుకుంటారు.

సమస్య: ప్రతి నెలా ఒకే మొత్తం తక్కువగా వస్తోంది

అద్దె పెరిగిన నెల నుంచి ఇది మొదలైతే వెతకవలసిన పనే లేదు. అద్దెదారు బ్యాంకుకు ఇచ్చిన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్, అంటే ప్రతి నెలా ఇంత మొత్తం పంపమనే ఆదేశం, పాత మొత్తం మీదే నడుస్తోంది. మీ సాఫ్ట్‌వేరులో అద్దె పెరిగినంత మాత్రాన ఆయన బ్యాంకులో అది పెరగదు, ఆ మార్పు ఆయనే చేసుకోవాలి. పెంపు లేఖలోనే "మీ బ్యాంకు ఆదేశాన్ని మార్చుకోండి" అని ఒక వాక్యం రాయని కార్యాలయాలకు ఏటా ఈ బాధ తప్పదు. తక్కువ పడుతున్న మొత్తం పెంపుకు సరిపోలక, మరీ చిన్నదిగా ఉంటే అది బ్యాంకు బదిలీ రుసుము కావచ్చు. దానిని ఎవరు భరించాలో ఒకసారి రాతలో తేల్చుకోండి, చాలు.

తక్కువ పడుతున్న మొత్తం నెలనెలా పెరుగుతూ ఉంటే మాత్రం ఇక్కడ ఆగకండి, కింది భాగం చదవండి.

సమస్య: గడువు లోపలే కడుతున్నారు, అయినా ప్రతి నెలా బకాయి జాబితాలో ఉంటున్నారు

నన్ను దెబ్బ తీసింది ఇదే.

మా భవనంలో మూడేళ్లుగా ఉంటున్న ఒక అద్దెదారుకు "పదకొండు నెలలుగా వరుసగా ఆలస్యం" అని నోటీసు వెళ్లింది, దాని కింద సంతకం నాది. మరుసటి రోజు ఆమె ఒక ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వచ్చారు. కోపంగా లేరు, నిజానికి కోపంగా ఉంటేనే నాకు తేలికగా ఉండేది. నాలుగు మడతలు పెట్టిన బ్యాంకు రశీదులను ఒక్కొక్కటిగా విప్పి, మడతలను అరచేత్తో చదును చేసి, నా బల్ల మీద తారీఖుల వరుసలో పేర్చారు. ప్రతి రశీదు మీదా 1వ తారీఖే ఉంది, ప్రతి రశీదులోనూ పూర్తి అద్దె ఉంది. "వీటిలో ఏ నెల ఆలస్యమో మీరే చూపించండి సార్, ఇప్పుడే కట్టేస్తాను" అన్నారు. నేను లెడ్జరు తెరిచి పది నిమిషాలు వెతికాను. ఏ నెలనూ చూపించలేకపోయాను. అయినా లెడ్జరు చివరి గడిలో బకాయి ఉంది. ఆమె చెప్పినదీ నిజమే, లెడ్జరులో కూడికలూ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఆ రెండింటి మధ్య, ఎవరూ చూడని ఒక సెట్టింగులో ఉంది.

అది చెల్లింపుల సర్దుబాటు క్రమం. అద్దెదారు డబ్బు కట్టినప్పుడు ఆ మొత్తాన్ని ఏ బాకీకి ముందుగా జమ కట్టుకోవాలో సాఫ్ట్‌వేరుకు ఒక నియమం ఉంటుంది. "పాత బాకీ ముందు" అనేది ఒక పద్ధతి, "రుసుములు ముందు, అద్దె తరువాత" అనేది మరొకటి. రెండూ వినడానికి న్యాయంగానే ఉంటాయి. వాటి వల్ల ఏమవుతుందో అంకెలతో చూడండి.

నెల అద్దె 1,000, గడువు 1వ తారీఖు, సడలింపు 5వ తారీఖు వరకు, ఆ తరువాత ఆలస్య రుసుము 50 అనుకుందాము. మొదటి నెల అద్దెదారు నిజంగానే ఆలస్యం చేసి 8వ తారీఖున 1,000 కట్టారు. పాత బాకీ ముందు అనే నియమం ప్రకారం అది అద్దెకు జమ అయింది, 6వ తారీఖున పడిన 50 రుసుము మిగిలింది. ఇక్కడి వరకు ఎవరికీ అభ్యంతరం లేదు. రెండవ నెల 1వ తారీఖునే ఆయన 1,000 కట్టారు. సాఫ్ట్‌వేర్ ఆ 1,000లోంచి ముందుగా పాత రుసుము 50 తీసుకుంది, మిగిలిన 950ని అద్దెకు వేసింది. అంటే, సకాలంలో పూర్తిగా కట్టిన అద్దె 50 తక్కువైనట్లు నమోదైంది. 6వ తారీఖు రాగానే, "ఈ నెల అద్దె పూర్తిగా రాలేదు" అని మరో 50 రుసుము వేసింది. ఇప్పుడు బకాయి 100. మూడవ నెల 1వ తారీఖున కట్టిన 1,000లోంచి ఆ 100 పోయి, అద్దెకు 900 మిగిలింది, మళ్లీ రుసుము పడింది, బకాయి 150.

ఇలా పన్నెండు నెలలు గడిస్తే బకాయి 600కు చేరుతుంది. అప్పుడు లెడ్జరు ఏమి చెబుతుందో గమనించండి. అద్దె బాకీ 550, రుసుము బాకీ 50. నిజానికి ఆయన పన్నెండు నెలల అద్దె 12,000 పైసాతో సహా కట్టేశారు, ఆలస్యం చేసినది ఒక్కసారి, బాకీ ఉన్నది 50 మాత్రమే. మిగిలిన పదకొండు రుసుములనూ సాఫ్ట్‌వేరే పుట్టించి, తన రుసుములను తానే అద్దె డబ్బులోంచి వసూలు చేసుకుని, ఆ లోటుకు మళ్లీ రుసుము వేసింది. చూసేవారికి మాత్రం "అద్దె బాకీ 550" అని కనిపిస్తుంది, అద్దె బాకీ అంటే నోటీసు ఇవ్వదగిన బాకీ.

రుసుము స్థిర మొత్తం కాకుండా మిగిలిన బాకీ మీద శాతంగా ఉంటే ఈ పెరుగుదల చాలా నెమ్మదిగా ఉంటుంది. 5 శాతం అయితే మొదటి నెల పూర్తి అద్దె మీద 50 పడుతుంది, రెండవ నెల 50 లోటు మీద 2.50 మాత్రమే పడుతుంది. మొత్తం చిన్నది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ "ఆలస్యం" అనే ముద్ర మాత్రం ప్రతి నెలా పడుతూనే ఉంటుంది. శాతాన్ని లోటు మీద కాక పూర్తి అద్దె మీద లెక్కించే సాఫ్ట్‌వేర్ అయితే అది స్థిర రుసుముతో సమానమే.

ఈ గొలుసు మొదలవడానికి తొలి ఆలస్యం కూడా అవసరం లేదు. పోయిన తాళంచెవికి బదులు చేయించిన దాని ఖర్చును ఆయన ఖాతాలో వేసి, ఆయనకు చెప్పడం మరచిపోతే చాలు. పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారినప్పుడు ప్రారంభ నిల్వలో మిగిలిన చిల్లర చాలు. నేను చూసిన ఒక ఖాతాలో మూలం మొదటి నెల పాక్షిక అద్దె. అద్దెదారు 31 రోజుల నెలలో 15వ తారీఖున చేరారు, అంటే 17 రోజులు. ఒప్పందం రాసినవారు 31తో భాగించారు, సాఫ్ట్‌వేర్ 30తో భాగించింది. 1,000 అద్దె మీద మొదటి లెక్క 548.39, రెండవ లెక్క 566.67. తేడా 18.28. ఆ చిల్లర బాకీ రెండవ నెల అద్దెలోంచి తీసుకోబడి, అక్కడి నుంచి ప్రతి నెలా 50 చొప్పున పెరిగింది. "ఈసారికి రుసుము వదిలేస్తాములెండి" అని ఫోనులో చెప్పి, లెడ్జరులో రద్దు చేయని సందర్భాలు ఇంకా ఎక్కువ. అద్దెదారు ఆ మాటను నమ్మి నిశ్చింతగా ఉంటారు, సాఫ్ట్‌వేర్ ఫోను సంభాషణలు వినదు.

*ఎలా గుర్తించాలి.* బకాయి మొత్తాన్ని ఆలస్య రుసుముతో భాగించి చూడండి. శేషం సున్నా వస్తే నోటీసు పక్కన పెట్టి లెడ్జరు తెరవండి. పై ఉదాహరణలో 600ను 50తో భాగిస్తే సరిగ్గా 12 వస్తుంది. నిజంగా అద్దె ఎగ్గొట్టినవారి బకాయిలో కనీసం ఒక నెల అద్దె అంతటి ముద్ద ఒకటి ఉంటుంది, ఇలా రుసుము వెంట రుసుముగా పెరగదు. శేషం మిగిలినంత మాత్రాన అనుమానం పూర్తిగా తీరినట్లు కాదు, 18.28 లాంటి చిల్లరతో మొదలైన ఖాతాలు ఈ పరీక్షకు దొరకవు. అందుకే రెండవ పరీక్ష కూడా చేయండి. ఒక కాగితం మీద చేరిన నాటి నుంచి పడవలసిన అద్దెలన్నీ కూడండి, పక్కన వచ్చిన చెల్లింపులన్నీ కూడండి, రుసుములను ముట్టుకోకండి. రెండు మొత్తాలూ సమానమైతే ఆయన అద్దె బాకీ లేరు, ఇక సాఫ్ట్‌వేర్ ఏమి చెప్పినా వినవద్దు.

*ఎలా సరిచేయాలి.* అందరూ చేసే పని ఏమిటంటే, ఈ రోజు తారీఖుతో ఒక 550 తగ్గింపు వేసి ఖాతాను చక్కబెట్టామనుకోవడం. అది చేయకండి. బకాయి తగ్గుతుంది గానీ, పదకొండు "ఆలస్యపు" నెలలు చరిత్రలో అలాగే ఉండిపోతాయి. రేపు ఆ అద్దెదారు మరో ఇంటికి మారుతూ మీ దగ్గర చెల్లింపుల ధ్రువపత్రం అడిగితే, మీ గుమాస్తా చూసేది ఆ చరిత్రనే. ముందుగా ఆ ఖాతాకు రుసుము తనంతట తాను పడకుండా ఆపండి, ఉన్న లెడ్జరును ఉన్నది ఉన్నట్లుగా ఒక ప్రతి తీసి ఉంచండి. తరువాత మొదటి తప్పు సర్దుబాటు జరిగిన నెలకు వెళ్లి, అక్కడి నుంచి ప్రతి చెల్లింపునూ దాని పాత సర్దుబాటు నుంచి విడదీసి, ఆయా నెల అద్దెకే తిరిగి జమ కట్టండి. ఇది పూర్తయ్యాక ఏ నెల అద్దెలోనూ లోటు ఉండదు. అప్పుడు రెండవ రుసుము మొదలుకొని ఒక్కో రుసుమును ఒక్కో నమోదుతో రద్దు చేసి, ఏ తారీఖున పడిన రుసుమో వివరణలో రాయండి. లెక్కలు మూసివేసి యజమానికి నివేదిక పంపేసిన నెలలను మళ్లీ తెరవకండి, ఆ రద్దులను ప్రస్తుత నెలలోనే చూపి యజమానికి ఒక వివరణ జతచేయండి. చివరకు మొదటి 50 ఒక్కటే మిగులుతుంది. అది న్యాయంగా పడినదైతే విడిగా బిల్లు పంపండి, ఫోనులో వదిలేస్తామన్నదైతే ఇప్పుడైనా రద్దు చేయండి. పంపిన నోటీసును రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి, ఫోనులో చెబితే సరిపోదు.

ఆ తరువాత సెట్టింగు మార్చండి. ప్రస్తుత నెల అద్దె ముందు, పాత అద్దె తరువాత, రుసుములు అన్నిటికంటే చివర. కొందరు పాత అద్దెను ముందుంచుతారు, పెద్ద నష్టం లేదు, రుసుములు మాత్రం చివరనే ఉండాలి. ఆలస్య రుసుమును "ఖాతాలో ఏదైనా బాకీ ఉంటే" కాకుండా "ఈ నెల అద్దె పద్దు పూర్తిగా తీరకపోతే" అనే షరతు మీద పడేలా పెట్టండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఫలానా మొత్తం కంటే తక్కువ లోటు ఉంటే రుసుము వేయవద్దని ఒక కనీస పరిమితి పెట్టే వీలు కూడా ఉంటుంది, దానిని ఖాళీగా వదలకండి. ఇలా మారిస్తే రుసుములు ఎవరూ కట్టరని ఒక యజమాని నాతో వాదించారు. కట్టకపోతే అది రుసుము బాకీగానే ఉంటుంది, దానిని అడిగి వసూలు చేసుకోవచ్చు. అద్దెను తినేసి అద్దె బాకీగా వేషం మార్చుకోవడం వేరు.

ఇది సాఫ్ట్‌వేరుతో పుట్టిన కొత్త సమస్య కాదు. ఒకే మనిషికి అనేక బాకీలున్నప్పుడు వచ్చిన డబ్బును దేనికి జమ కట్టాలన్న తగవు మీదే 1816లో ఇంగ్లండులో క్లేటన్ కేసు తీర్పు వచ్చింది. నడుస్తున్న ఖాతాలో ముందు పడినది ముందు తీరినట్లుగా భావించాలనే "పాత బాకీ ముందు" సూత్రం పేరు దాని మీదనే నిలిచింది. అయితే అది ఎవరూ ఏమీ చెప్పనప్పుడు వర్తించే సూత్రం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 59 నుంచి 61 వరకు ఉన్న సెక్షన్లు ఈ క్రమాన్ని స్పష్టంగా పెట్టాయి. డబ్బు కట్టేవాడు ఇది ఫలానా బాకీకి అని చెబితే, లేదా పరిస్థితులను బట్టి అది తెలిసిపోతుంటే, తీసుకునేవాడు దానికే జమ కట్టాలి. అలాంటి సూచన ఏదీ లేనప్పుడే తీసుకునేవాడి ఇష్టం. ఇద్దరూ ఏదీ నిర్ణయించకపోతే కాలక్రమం. 59వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలో జూన్ 1న తీర్చవలసిన 1,000 రూపాయల ప్రామిసరీ నోటు ఉంది, అంతే మొత్తం గల మరో బాకీ లేదు, బాకీదారు సరిగ్గా జూన్ 1న 1,000 కట్టాడు. అది ఆ నోటుకే చెందుతుందని చట్టం అంటుంది. 1వ తారీఖున సరిగ్గా అద్దెంత మొత్తం వచ్చినప్పుడు అది దేనికోసమో సాఫ్ట్‌వేరుకు తప్ప అందరికీ తెలుసు. అద్దె చట్టాలు ప్రాంతాన్ని బట్టి మారతాయి, మీ ఒప్పందంలో "ముందు రుసుములకు" అనే షరతు ఉండవచ్చు కూడా. ఆ షరతు మీ చోట నిలుస్తుందో లేదో న్యాయవాదిని ఒకసారి అడిగి, ఆయన జవాబును ఫైలులో పెట్టండి.

ఒక ఖాతాలో ఈ తప్పు దొరికితే మిగిలిన ఖాతాలన్నీ చూడవలసిందే, సెట్టింగు అందరికీ ఒక్కటే కదా. రెండు కంటే ఎక్కువ వరుస రుసుములు పడిన ఖాతాల జాబితా తీసి, ఒక్కొక్కదానికి కాగితం మీది కూడిక చేయండి. మేము అలా చూసినప్పుడు నోటీసు అందుకున్న ఆమె ఒక్కరే కాదని తేలింది. మిగిలినవారు ఫైలు పట్టుకుని రాలేదు, అంతే తేడా.

సమస్య: ఒకే నెలలో చాలా ఫ్లాట్లు ఆలస్యం

పది మంది ఒకేసారి చెడ్డవారు కారు. బిల్లులు వెళ్లాయో లేదో, చెల్లింపుల పోర్టల్ పనిచేసిందో లేదో, గడువు సెలవు రోజున పడిందో, మీ బ్యాంకు ఖాతా మారిన సంగతి అందరికీ చేరిందో చూడండి. కారణం మీ వైపు ఉంటే రుసుములన్నీ కలిపి రద్దు చేసి, అడగకముందే అందరికీ తెలియజేయండి.

సమస్య: జమ అయిన అద్దె వెనక్కి పోయింది

చెక్కు తిరిగి వస్తే దాని సంగతి మీకు తెలిసినదే. ఆటోమేటిక్ డెబిట్ విఫలమైతే ముందుగా తారీఖు చూడండి, జీతం పడే రోజుకు ఒక్క రోజు ముందు డెబిట్ పెట్టి, ప్రతి నెలా విఫలం చేసుకునేవారు ఉన్నారు. డెబిట్‌ను రెండు రోజులు ఆలస్యంగా పెడితే పని అయిపోతుంది. వరుసగా రెండుసార్లు చెక్కు తిరిగి వచ్చినవారి దగ్గర మూడవ చెక్కు తీసుకోకండి.

సమస్య: డబ్బు ఉంది, కావాలనే ఆపారు

ఇలాంటప్పుడు బకాయి జాబితాను కాదు, ఫిర్యాదుల పుస్తకాన్ని తెరవాలి. అద్దె ఆగిన నెలకు ముందు ఏదో ఒక ఫిర్యాదు, సాధారణంగా నీటి లీకేజీ గురించి, రెండు మూడు సార్లు నమోదై ఉంటుంది, పక్కన "చూస్తాము" అని రాసి ఉంటుంది. మరమ్మతు బాకీ పడినందుకు అద్దె ఆపే హక్కు ఉందా లేదా అన్నది ఆయా చోటి చట్టం చూసి తేల్చవలసిన విషయం, దాని మీద మెట్ల దగ్గర నిలబడి వాదించకండి. మరమ్మతుకు ఖాయమైన తారీఖు రాసి ఇవ్వండి, అద్దె విషయం వేరే లేఖలో రాయండి. రెండింటినీ ఒకే కాగితం మీద పెడితే ఒకదానికి మరొకటి షరతుగా మారుతుంది, ఆ ముడి ఎన్నటికీ విడదు.

సమస్య: నిజంగానే డబ్బు లేదు

ఉద్యోగం పోయింది, ఇంట్లో ఎవరికో జబ్బు చేసింది. ఇది లెడ్జరు సమస్య కాదు కాబట్టి ఇందులో చమత్కారమైన పరిష్కారమేమీ లేదు. మొదటి వారంలోనే మాట్లాడండి, మూడు నెలల బకాయి కంటే ఒక నెల బకాయిని విభజించడం తేలిక. వాయిదాల ఒప్పందం రాసేటప్పుడు ఏ తారీఖున ఎంత అన్నది, మామూలు అద్దె కాకుండా అదనంగా ఎంత అన్నది, ఒక వాయిదా తప్పితే ఏమవుతుందన్నది స్పష్టంగా ఉండాలి. "వీలైనప్పుడల్లా ఇస్తాను" అనే ఒప్పందం ఒప్పందం కాదు. వాయిదాలు నడిచినంత కాలం కొత్త రుసుములు పడకుండా ఆ ఖాతాకు రుసుమును ఆపి ఉంచండి, లేకపోతే పైన చెప్పిన గొలుసును మీ చేతులతో మీరే మొదలుపెట్టినవారవుతారు.

ఒక జాగ్రత్త. ఖాళీ చేయించే నోటీసు ఇచ్చిన తరువాత పాక్షికంగా అద్దె తీసుకుంటే ఆ నోటీసు బలహీనపడే చోట్లు ఉన్నాయి. నోటీసు దాకా వెళ్లిన ఖాతాలో ఒక్క రూపాయి తీసుకునే ముందయినా న్యాయవాదిని అడగండి, గుమాస్తాలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. సాయంత్రం కౌంటరు దగ్గర అమాయకంగా తీసుకున్న చిన్న మొత్తం వల్ల నెలల పని మొదటికి వచ్చిన సందర్భాన్ని నేను చూశాను.

అరుదైనవి

ఒకే పేరున్న ఇద్దరు అద్దెదారుల డబ్బు తారుమారు కావడం అప్పుడప్పుడు జరుగుతుంది, ఫ్లాటు నంబరును బట్టి జమ కడితే ఆ సమస్యే రాదు. ఇద్దరు కలిసి ఉండే ఫ్లాటులో సగం అద్దె మాత్రమే వస్తే, ఒప్పందంలో ఇద్దరికీ ఉమ్మడి బాధ్యత ఉన్నదా లేదా చూడండి, వారి లోపలి పంపకంతో మీకు పని లేదు. మీ పేరుతో ఎవరో మెయిలు పంపి, "మా బ్యాంకు ఖాతా మారింది" అని నమ్మించి అద్దెను తమ ఖాతాకు మళ్లించే మోసం తక్కువగా జరుగుతుంది గానీ, జరిగిందని తెలిసిన గంటలోనే అద్దెదారు తన బ్యాంకుకూ పోలీసులకూ తెలియజేయాలి, మీరు మిగిలిన ఫ్లాట్లన్నిటికీ అదే రోజు హెచ్చరిక పంపాలి.